నోటికీ మైకుకీ మధ్య దూరం

జాజ్ గాయకుల్లో ఎవరితో మొదలుపెట్టాలని అడిగేవారికి నేను పేర్ల కంటే ముందు ఒక కొలత చెబుతాను. పాడే మనిషి నోటికీ మైకుకీ మధ్య ఎంత దూరం ఉందో చెవితో అంచనా వేయండి. జాజ్ గానమూ, తర్వాత బ్రెజిల్‌లో పుట్టిన బోసా నోవా గానమూ ఆ దూరం తగ్గేకొద్దీ రూపుదిద్దుకున్న కళలు. దూరం తెలిస్తే గొంతులో ఏం వినాలో దానంతట అదే తెలుస్తుంది.

1925కు ముందు రికార్డింగ్ గదిలో మైకు లేదు. గాయకులు పెద్ద కొమ్ము బూరా ముందు నిలబడి బలంగా పాడేవారు. ఆ ధ్వని ఒత్తిడి బూరా చివరనున్న పలుచటి పొరను కదిపితే, పొరకు తగిలించిన సూది మైనం మీద గాడి గీసేది. విద్యుత్తు సాయం లేదు గనుక గీతకు కావలసిన శక్తంతా ఊపిరితిత్తుల నుంచే రావాలి. పైగా ఆ ఏర్పాటు సుమారు 250 నుంచి 2,500 హెర్ట్జ్ వరకున్న పౌనఃపున్యాలనే పట్టుకునేది. మనం దంత్య ‘స’కారం పలికినప్పుడు పళ్ల సందున వచ్చే ఊదుడు శక్తి చాలావరకు 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. సకారాన్ని సకారంగా గుర్తుపట్టించే ఆ భాగమే రికార్డు మీదికి ఎక్కేది కాదు. ఇక గుసగుసకు, నిట్టూర్పుకు చోటెక్కడిది? బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ 1923లో చేసిన తన తొలి రికార్డులు విన్నవారికి ఆ గొంతు అంత నిండుగా, అంత ఎదురొడ్డి ఎందుకుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. 1925లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి విద్యుత్ పద్ధతి వచ్చి పై హద్దును 5,000 హెర్ట్జ్ దాటించింది.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. ఆరుబయట ధ్వనిమూలం నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని స్థాయి 6 డెసిబెళ్లు పడిపోతుంది. నోటికి 10 సెంటీమీటర్ల దగ్గరున్న మైకుకు చేరే ధ్వనికీ, 5 మీటర్ల అవతల కూర్చున్న మనిషికి చేరే ధ్వనికీ తేడా 34 డెసిబెళ్లు. మైకు లేని రోజుల్లో గాత్ర సాధనలో పెద్ద భాగం ఈ నష్టాన్ని పూడ్చుకోవడానికే పోయేది. ఒపెరా గాయకులు గొంతు గొట్టాన్ని మలుచుకుని 3,000 హెర్ట్జ్ దరిదాపుల్లో ఒక అనునాద శిఖరం తెచ్చుకుంటారని స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుండ్‌బెర్గ్ వివరించాడు. వాద్యబృందం శక్తి 500 హెర్ట్జ్ దగ్గర ఎక్కువగా ఉండి, 3,000 దగ్గర పలచబడుతుంది. ఆ ఖాళీలోంచి గొంతు బయటికి దూసుకొస్తుంది. రాగం తీసి పద్యాన్ని చివరి వరుస దాకా పంపిన మన నాటకరంగ నటులకూ ఉన్న సమస్య ఇదే. మైకు రాకతో అది తీరింది. ఎ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్ లాంటి మెత్తని గొంతులు తెలుగు సినిమాలో నిలబడ్డాయంటే అందులో మైకు పాలు చాలా ఉంది.

1930ల నాటి రిబ్బన్ మైకు ఇంకో వరం ఇచ్చింది. దాని లోపలి లోహపు పట్టీ తన ముందువైపు, వెనకవైపు ఉన్న గాలి ఒత్తిళ్ల తేడాకు కదులుతుంది. నోరు బాగా దగ్గరికి వస్తే ఆ తేడా మంద్ర ధ్వనుల విషయంలో విపరీతంగా పెరుగుతుంది. అందుకే దగ్గరగా పాడిన చిన్న గొంతు కూడా వెచ్చగా, చెవి పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది.

ఇప్పుడు జాజ్ గాయని బిల్లీ హాలిడే దగ్గరికి వెళ్దాం. ఆమె గొంతు విస్తీర్ణం చిన్నది, బలమూ తక్కువే. 1937లో పియానోపై టెడ్డీ విల్సన్, శాక్సోఫోన్‌పై లెస్టర్ యంగ్ తోడుగా చేసిన రికార్డులతో మొదలుపెట్టండి. వాద్యాలు తాళాన్ని సమంగా నడిపిస్తుంటాయి. ఆమె మాట మాత్రం దెబ్బ పడ్డాక కాస్త ఆగి వస్తుంది. మన సంగీతంలోనూ ఎత్తుగడ సమానికి ముందో వెనకో రావడం ఉంది, అయితే దానికి తాళంలో నిర్దిష్టమైన స్థానం ఉంటుంది. బిల్లీ ఆలస్యానికి అలాంటి గుర్తు లేదు, వాక్యం వాక్యానికీ మారుతుంది. జాజ్ వాద్యకారులు దెబ్బను సుమారు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా వాయిస్తే సంగీతానికి ఊపు పెరుగుతుందని జర్మనీలోని గ్యోటింగెన్ భౌతికశాస్త్రవేత్తలు 2022లో ప్రకటించారు. బిల్లీ ఆలస్యం చాలాచోట్ల ఇంతకంటే పెద్దది, చెవికి స్పష్టంగా తెలుస్తుంది. మైకు ముందు అరవనక్కర్లేదు గనుక పదాన్ని పాడటానికీ మాట్లాడటానికీ నడుమ ఎక్కడైనా ఆపగల వీలు ఆమెకు దొరికింది. 1958 నాటి ‘లేడీ ఇన్ శాటిన్’ గొప్ప రికార్డే. కానీ మరుసటి ఏడే ఆమె కన్నుమూసింది. అందులోది అరిగిపోయిన గొంతు. పాత గొంతు తెలియకుండా దాన్ని మొదట వినడం ఆమెకు అన్యాయం చేయడమే.

ఎల్లా ఫిట్జెరాల్డ్‌ను కొత్తవారికి సిఫారసు చేయడం తేలిక. 1956 నాటి కోల్ పోర్టర్ పాటల సంపుటిలో ప్రతి స్వరమూ నిఖార్సయిన శ్రుతిలో, ప్రతి మాటా విడివిడిగా వినిపిస్తుంది. 1960లో బెర్లిన్ కచేరీలో పాట మధ్యలో సాహిత్యం మరచిపోయి, తాళం తప్పకుండా అప్పటికప్పుడు మాటలు అల్లి ముగించిందామె. ఆ రికార్డు దొరుకుతుంది, తప్పక వినండి. సారా వాన్ విశాలమైన గొంతును ఆ తర్వాతకు ఉంచుకోవచ్చు.

గాయకుడు ఛెట్ బేకర్ 1954 రికార్డు బోసా నోవాకు దారి చూపిస్తుంది. అతనిది ఊపిరి కలిసిన గొంతు. స్వరతంతువులు పూర్తిగా మూసుకోకపోతే గాలి సందులోంచి జారి సన్నని రొద పుడుతుంది, పై అనుస్వరాలు బలహీనపడతాయి. సభలో పదడుగుల అవతలికి వినిపించని ఈ ఊపిరి గొంతు మైకు దగ్గర చక్కగా వినిపిస్తుంది.

ఆ దారిలో చివరిదాకా వెళ్లినవాడు జోవావ్ జిల్బెర్తో. బ్రెజిల్‌లోని బహియా ప్రాంతం జువాజేరోలో 1931లో పుట్టాడు. 1950ల మధ్యలో డియమాంటీనా పట్టణంలో సోదరి ఇంట్లో ఉంటూ స్నానాలగదిలో గంటల తరబడి గిటారుతో సాధన చేశాడు. ఈ ముచ్చటలో భౌతికశాస్త్రం ఉంది. గట్టి గోడలు ధ్వనిని మింగకుండా తిప్పికొడతాయి. ఎంత మెల్లగా పాడినా తన గొంతు తనకు స్పష్టంగా తిరిగి వస్తుంది. ఇక బిగ్గరగా పాడే అవసరమేముంది? పాశ్చాత్య గాయకుల వైబ్రాటోలో శ్రుతి సెకనుకు ఐదారుసార్లు పైకీ కిందకీ ఊగుతుంది. మన కంపిత గమకం విన్న చెవికి ఇది కొత్త కాదు. ఆ ఊపును అతడు పూర్తిగా తీసేశాడు. ఊపు లేని స్వరం దాపరికం లేని స్వరం, శ్రుతి ఇసుమంత తప్పినా దొరికిపోతుంది. 1958లో రియోలో ‘షెగా జి సౌదాజి’ పాట రికార్డు చేసినప్పుడు గొంతుకొకటి, గిటారుకొకటి చొప్పున రెండు మైకులు కావాలని పట్టుబట్టాడు. అతని గిటారులో బొటనవేలు సాంబా పెద్ద డోలు దెబ్బను పట్టుకుని నడుస్తుంది, మిగిలిన వేళ్లు చిన్న వాద్యాల విరుపులను మోస్తాయి. గొంతు ఆ రెంటినీ విడిచి ముందుకీ వెనక్కీ జారుతుంది. రెండు చేతుల పనికీ గొంతుకూ మధ్య ఇంత స్వేచ్ఛ నేను మరెక్కడా వినలేదు.

1963 మార్చిలో న్యూయార్క్‌లో శాక్సోఫోన్ కళాకారుడు స్టాన్ గెట్జ్‌తో చేసిన రికార్డులో జోవావ్ భార్య ఆస్ట్రూడ్ జిల్బెర్తో గొంతు ప్రపంచానికి పరిచయమైంది. దాదాపు మాటకు దగ్గరగా పాడే గొంతు అది. ఆమె పాడింది ఇంగ్లీషులో గనుక పోర్చుగీసు రాని వారు దాంతోనే మొదలుపెట్టవచ్చు.

ఈ రికార్డులు వినేటప్పుడు ధ్వని పెంచకండి. మనిషి పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత స్థాయి చాలు. వీలైతే హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. ధ్వని పెంచినప్పుడు మన చెవి మంద్రాలను పోల్చి చూస్తే ఎక్కువగా వింటుంది, అసలు దూరం తారుమారవుతుంది.

చివరికి ఒకే పాటను రెండు రికార్డుల్లో వినండి. తోమ్ జోబిమ్ రాసిన ‘ఆగ్వాస్ జి మార్సో’, అంటే మార్చి నెల వానలు. 1973లో జోవావ్ దాన్ని తన గిటారు, ఒక తాళవాద్యం తప్ప మరేమీ లేకుండా పాడాడు. ఆ రికార్డు ధ్వనిని చూసుకున్నది సింథసైజర్ సంగీతంతో ప్రసిద్ధికెక్కిన వెండీ కార్లోస్. 1974లో లాస్ ఏంజెలెస్‌లో ఎలీస్ రెజీనా, జోబిమ్ అదే పాటను జంటగా పాడారు. ఎలీస్ పెద్ద గొంతున్న గాయని, హాలంతా నింపగలదు. ఆ పాటలో మాత్రం ఆ బలాన్ని దాచి ఉంచి మైకుకు దగ్గరగా వచ్చింది. పాట చివర ఆమె నవ్వు వినిపిస్తుంది.