వేడికి బెదరని పింగాణి



ఎండాకాలం మన హాస్టల్లో ఫ్యాను నీరసంగా తిరిగితే అందరం "కండెన్సర్ పోయింది" అంటాం. అది పోవడానికి వేడి ఒక ముఖ్య కారణం. ఫ్యాను కండెన్సర్‌లో ఉండేది పలుచని ప్లాస్టిక్ పొర. తిరువూరు ఎండకి మోటారు వేడి కూడా తోడైతే అది కొన్నాళ్ళకి పాడవుతుంది. మరి భూమి లోపలికి కిలోమీటర్ల లోతుకి దింపే యంత్రం సంగతేంటి? మన కృష్ణా, గోదావరి ప్రాంతంలో గ్యాస్ కోసం తవ్విన లోతు బావుల్లో కొన్నిచోట్ల వేడి 150 డిగ్రీలు దాటుతుంది (అన్నీ సెంటీగ్రేడు లెక్కలే). ఫ్యానులోని ప్లాస్టిక్ అక్కడ నిలవదు. పింగాణి కావాలి. టీ కప్పు పింగాణి కాదు, వేరే రకం.

కండెన్సర్ అంటే రెండు లోహపు రేకులు, మధ్యలో కరెంటును పోనివ్వని పదార్థం. దాన్ని రోధకం అంటారు. పోనివ్వదు గానీ ఊరికే కూర్చోదు. దానిలోని ధనావేశాలు ఒకవైపు, ఋణావేశాలు ఇంకోవైపు కొద్దిగా జరుగుతాయి. ఎంత బాగా జరిగితే రేకుల మీద అంత ఎక్కువ ఆవేశం నిలుస్తుంది. ఎన్ని రెట్లు నిలుస్తుందో చెప్పే అంకె రోధక స్థిరాంకం. గాలికి ఇది సుమారు 1. గూడూరు గనుల్లో దొరికే అభ్రకం లాంటిదానికి 6 దాకా. బేరియం టైటనేట్ అనే పింగాణికైతే వెయ్యి దాటుతుంది! 1940ల మొదట్లో, యుద్ధం జరుగుతుండగా, అమెరికా, రష్యా, జపాన్ వాళ్ళు ఎవరికి వాళ్ళే ఈ సంగతి కనిపెట్టారు.

అంత ఎలా వచ్చింది? అందులో ప్రతి టైటానియం పరమాణువు చుట్టూ ఆరు ఆక్సిజన్లు గూడులా ఉంటాయి. టైటానియం గూటి నడుమ ఉండకుండా ఒక పక్కకి ఒరుగుతుంది. పక్క గూళ్ళలోవి కూడా అటే ఒరుగుతాయి. మన ప్రేయర్ లైను లాగా, అందరి ముఖాలూ జెండా వైపే. వీటిని ఫెర్రోఎలెక్ట్రిక్ పదార్థాలంటారు. (పేరులో ఫెర్రో ఉన్నా ఇనుముతో సంబంధం లేదు.) అయితే సుమారు 120 డిగ్రీల దగ్గర ఈ లైను ఒక్కసారిగా చెదిరిపోతుంది. అక్కడ స్థిరాంకం కొండ శిఖరంలా లేచి, ఆ తర్వాత జారిపోతుంది. కండెన్సర్‌కి ఇది మంచిది కాదు. పొద్దున ఒక తూకం, మధ్యాహ్నం ఒక తూకం చూపే తక్కెడ ఎవరికి కావాలి? సంతలో చింతపండు అమ్మేటప్పుడు మా వాళ్ళు అలాంటి తక్కెడలు చాలా చూశారు, అది వేరే సంగతి.

రిలాక్సర్లు అనేవి ఇంకో రకం. 1950లలో లెనిన్‌గ్రాడ్‌లో స్మోలెన్‌స్కీ, ఆయన తోటివాళ్ళు సీసం, మెగ్నీషియం, నయోబియం కలిసిన పింగాణిలో దీన్ని చూశారు. అందులో ఒక గూటిలో మెగ్నీషియం, ఇంకో గూటిలో నయోబియం, వరస లేకుండా కూర్చుంటాయి. అందుకని అన్నీ కలిసి ఒకే లైను కట్టలేవు, చిన్న చిన్న గుంపులవుతాయి. ఆదివారం మన గ్రౌండు చూడండి, ఏ ఊరి పిల్లలు ఆ ఊరి గుంపు, ఎవరి చూపు వాళ్ళది. వేడెక్కేకొద్దీ ఈ గుంపులన్నీ ఒకేసారి చెదరవు, ఒకటి ముందు, ఒకటి వెనక. అందుకే శిఖరం బదులు వెడల్పాటి గుట్ట వస్తుంది.

నాకు బాగా నచ్చింది తర్వాతి సంగతి. విద్యుత్తు దిశ మారినప్పుడల్లా గుంపులూ తిరగాలి. పి.ఇ.టి. మేడం నెమ్మదిగా విజిల్ ఊదితే చలికాలం పొద్దున కూడా తిరగగలం. గబగబా ఊదితే ఒళ్ళు బిగుసుకుపోయి సగం మందిమి తిరగలేం, ఒళ్ళు వేడెక్కాకే అందుకుంటాం. రిలాక్సర్ కూడా అంతే. పౌనఃపున్యం పెరిగేకొద్దీ గుట్ట ఎత్తు తగ్గుతుంది, గుట్ట పైభాగం ఎక్కువ వేడి వైపు జరుగుతుంది. ఈ గుర్తుతోనే దీన్ని పట్టుకుంటారు.

లెనిన్‌గ్రాడ్ పింగాణికి గుట్ట సున్నా డిగ్రీలకి కొంచెం కిందే ఉంటుంది. మన బావికి పనికిరాదు. 1960లో అదే బృందం చేసిన బిస్మత్ సోడియం టైటనేట్‌కి మాత్రం 320 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాంట్లోనో, బేరియం టైటనేట్‌లోనో ఇంకా వేరేవి కలిపి, 300 డిగ్రీల దాకా అంకె పెద్దగా మారని పింగాణులు చేస్తున్నారు. ఒక చిక్కుంది. బాగా వేడెక్కితే కరెంటు రోధకంలోంచి కారిపోతుంది, చిల్లి కుండలో నీళ్ళలాగా. పింగాణిని కాల్చేటప్పుడు బిస్మత్ కొంత ఆవిరైపోతే లోపల ఖాళీలు మిగిలి కారడం ఎక్కువవుతుంది. అందుకని స్థిరాంకం పెద్దదని మురిసిపోతే చాలదు.

హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధనశాల డి.ఎం.ఆర్.ఎల్.లో కూడా ఇలాంటి పింగాణులు చేశారు. వాటిలో సీసం, లాంథనం, జిర్కోనియం, టైటానియం ఉంటాయి. లాంథనం పాలు పెంచితే అది రిలాక్సర్ అవుతుంది. అయితే సీసం విషం, పిల్లల మెదడుకి మరీ చెరుపు. పాత టీవీలు, ఫోన్లు పగలగొట్టి కాల్చే పని ఎవరికి దొరుకుతుంది? మనలాంటి ఇళ్ళవాళ్ళకే. ఐరోపాలో 2006 నుంచి ఎలక్ట్రానిక్ సామాన్లలో సీసాన్ని కట్టడి చేశారు గానీ, సాటి వచ్చేది లేదని ఇలాంటి పింగాణులకి మినహాయింపు ఇచ్చారు. అందుకే నేను బిస్మత్ పక్షం. దాన్ని కడుపు మందుల్లో కూడా వాడతారు.

ఇదంతా ఇంటి దగ్గర చెబితే "మట్టికి కరెంటుతో పనేంటే" అంది మా అమ్మ. మా ఇంట్లో బడికెళ్ళింది నేనే మొదలు, కాబట్టి ఆ ప్రశ్నకి నేనే జవాబు చూపించాలి. ల్యాబులో పాత రేడియో బోర్డు మీద చిన్న బిళ్ళల్లాంటి పింగాణి కండెన్సర్లున్నాయి. ఒకటి మీటరుకి తగిలించి, పక్కన వేడి ఇస్త్రీపెట్టె పెట్టి, అంకె మారుతుందేమో చూద్దామని సైన్స్ సార్‌ని అడిగాను. శనివారం సాయంత్రం అన్నారు. వచ్చేవాళ్ళు నాకు పేర్లు ఇవ్వండి.