సీసం బుల్లెట్లకు కొత్త బ్యారెల్ గిట్టుబాటేనా?

అమెరికాలో పిస్టల్ సాధన చేసేవారిలో చాలామంది కాల్చేసిన తూటాల ఖాళీ తొడుగులను దాచుకుని, వాటిలో మందు, కొత్త బుల్లెట్ తామే నింపుకుంటారు. ఖర్చు ఇంకా తగ్గాలంటే రాగి కవచమున్న బుల్లెట్ బదులు ఒట్టి సీసం బుల్లెట్ వాడతారు. గ్లాక్ పిస్టల్ ఉన్నవాళ్లకు మాత్రం ఇక్కడ అడ్డు వస్తుంది. ఒట్టి సీసం వాడొద్దని గ్లాక్ సంస్థే హెచ్చరిస్తుంది. అందుకే వేరే కంపెనీ చేసిన బ్యారెల్ కొనాలా అన్న ప్రశ్న. అక్కడి చట్టం లెక్కలో తుపాకి అంటే సీరియల్ నంబరున్న ఫ్రేమ్, కాబట్టి చాలాచోట్ల బ్యారెల్ మామూలు విడిభాగంలా దొరుకుతుంది.

హెచ్చరికకు కారణం బ్యారెల్ లోపలి గాడులు. మామూలు బ్యారెల్‌లో మెలి తిరిగిన గాడులకు పదునైన అంచులుంటాయి. అవి బుల్లెట్‌ను కరిచిపట్టి తిప్పుతాయి. గ్లాక్ నాలుగో తరం వరకు వచ్చిన బ్యారెళ్లలో అంచుల్లేని గుండ్రటి మిట్టపల్లాలే ఉంటాయి. దీన్ని పాలిగోనల్ రైఫ్లింగ్ అంటారు. 2017లో వచ్చిన అయిదో తరంలో దీన్ని కొంత మార్చారు. రాగి కవచానికి ఈ నునుపు బాగా నప్పుతుంది. మెత్తని సీసం మాత్రం గోడలకు అంటుకుని పేరుకుంటుంది. పేరుకున్న కొద్దీ తర్వాతి బుల్లెట్‌కు దారి ఇరుకవుతుంది, లోపలి ఒత్తిడి పెరుగుతుంది. పట్టించుకోకపోతే బ్యారెల్ పగిలే ప్రమాదం ఉంది.

అయితే సీసం పేరుకోవడానికి గాడులొక్కటే కారణం కాదు. అసలు చూడాల్సింది కొలత. సీసం బుల్లెట్ బ్యారెల్ గాడుల వ్యాసం కన్నా అంగుళంలో వెయ్యో వంతు లావుగా ఉండాలి. సన్నగా ఉంటే వేడి వాయువు పక్కల నుంచి దూసుకుపోతూ సీసాన్ని కోసి గోడలకు పూస్తుంది. 9 ఎం.ఎం. తూటాలో ఇంకో చిక్కుంది. తొడుగు అడుగువైపు మందం ఎక్కువ కావడంతో, 0.356 అంగుళాల బుల్లెట్‌ను లోపలికి దించేటప్పుడు దాని అడుగు నలిగి సన్నబడవచ్చు. అందుకే నింపిన తూటా నుంచి ఒక బుల్లెట్‌ను బయటికి లాగి మళ్లీ కొలవాలి. ఈ తప్పు సరిచేయకుండా బ్యారెల్ మారిస్తే, కొత్త బ్యారెల్‌లోనూ సీసం పేరుకుంటుంది.

కొత్త బ్యారెల్‌తో వచ్చే లాభం నిజమే. గాడులు మామూలువి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) బిగువు ఎక్కువ కాబట్టి తొడుగుకు ఆసరా బాగుంటుంది. కానీ ఆ బిగువు వల్లే సరిగా సైజు చేయని తొడుగు లోపలికి పోక ఇరుక్కుంటుంది. కొన్నిటిలో ఛాంబర్ ముందరి చోటు తక్కువ. అప్పుడు బుల్లెట్‌ను ఇంకాస్త లోతుగా దించాలి, దాంతో ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి మందు పాళ్లు మళ్లీ తక్కువ నుంచి మొదలుపెట్టాలి.

ఇక లెక్క చూద్దాం. బ్యారెల్ 150 డాలర్లు, బుల్లెట్‌కు మిగిలేది మూడు సెంట్లు అనుకుందాం. పెట్టుబడి తిరిగి రావాలంటే 5,000 బుల్లెట్లు కాల్చాలి. నెలకు వెయ్యి కాల్చేవారికి అయిదు నెలలు, రెండు వందలు కాల్చేవారికి రెండేళ్లు దాటుతుంది. సొంతంగా సీసం కరిగించి పోతపోసుకునేవారికి మిగులు ఎక్కువ కనుక ఇంకా త్వరగా గిట్టుతుంది. తక్కువ కాల్చేవారికి పలుచటి రాగి పూత బుల్లెట్లే మేలు. పాలిమర్ పూత సీసం బుల్లెట్లు కూడా పేరుకోవడాన్ని బాగా తగ్గిస్తాయి. అవి కాల్చినా లోపల చూసుకోవడం మానకూడదు.

ఏ బ్యారెల్ వాడినా మొదట కొద్ది తూటాలే కాల్చి, తుపాకి పూర్తిగా ఖాళీ చేసి, బ్యారెల్ విప్పి వెలుతురులో చూడండి. సీసం కనిపిస్తే బ్రష్‌కు రాగి పీచు చుట్టి తోమండి. కవచం బుల్లెట్ కాలిస్తే సీసం ఊడిపోతుందన్న మాట నమ్మొద్దు, ఇరుకైన దారిలో అది ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. ముందు కొలత సరిచేసుకోండి, తర్వాత ఏడాదికి ఎన్ని కాలుస్తారో లెక్క వేసుకోండి. ఆ సంఖ్య వేలల్లో ఉంటేనే కొత్త బ్యారెల్ మీద డబ్బు పెట్టండి.