కారు బ్రేక్ ప్యాడ్లు: ఘాట్ దిగేవాళ్లు రెండో అక్షరం చూడండి

కోరుకొండ నుంచి రాజమండ్రి వెళ్లొచ్చే కారుకి ఏ మంచి కంపెనీ ప్యాడ్ వేసినా సరిపోతుంది. గోకవరం, రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్‌లో చింతూరు వైపు దిగేవాళ్లకే అసలు చిక్కు. సెకండ్ గేర్‌లో దిగాల్సిన చోట చాలామంది కాలు బ్రేక్ మీదే ఉంచేస్తారు. ప్యాడ్లు కాగిపోతాయి. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ, బండి ఆగదు!

చాలా ప్యాడ్ల అంచున ఒక కోడ్, దాని చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక ఉండే పట్టు. 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45. 'ఎఫ్ఈ' అని ఉంటే వేడికి పట్టు సడలుతుందన్నమాట. ఘాట్‌కి అది వద్దండీ, 'ఎఫ్ఎఫ్' అడగండి.

సిరామిక్ ప్యాడ్‌కి దుమ్ము, చప్పుడు తక్కువ. సెమీ మెటాలిక్ వేడికి బాగా ఓరుస్తుంది, కాస్త కీచుమంటుంది. నేనైతే ఆ కీచు భరిస్తాను.

మందం 3 మిల్లీమీటర్లకి వస్తే మార్చేయండి, ముందు రెండు చక్రాలకీ ఒకేసారి. కొత్తవి వేసిన మర్నాడే మారేడుమిల్లి బయల్దేరకండి. రెండు మూడొందల కిలోమీటర్లు ఊళ్లోనే మెల్లగా తోలి, డిస్క్‌తో కుదురుకోనివ్వండి.