తెలుసుకోవడం తెలుసునా?

మా లక్ష్మీపూర్‌లో సెలవులకు పిల్లలు ఇళ్ళకు చేరితే వీధికి కళ వస్తుంది. మా అన్నగారి అమ్మాయి కూడా యూనివర్సిటీ నుండి వచ్చింది గాని, ముఖాన నవ్వు లేదు. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు గడువు పొడిగించారని ఫోనులో ఎవరో పంపిన మాట నమ్మి కూర్చున్నది. అసలు గడువు దాటిపోయింది. ఆ యేటి ఫీజుకు మా అన్నగారు అప్పు చేయవలసి వచ్చింది.

"ఒకసారి సరిచూసుకోవద్దా తల్లీ?" అన్నాను.

"అందరూ అదే పంపారు గదా, చిన్నాన్నా!" అన్నది.

కావలసిన సంగతి వెదకి, అది నమ్మదగినదో కాదో తేల్చి, సరిగా వాడుకొనే నేర్పుకు సమాచార అక్షరాస్యత అని పేరు. 1974లో అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ అనే ఆయన ఈ మాట వాడారు. మరి, ఈ నేర్పును కొలవడం ఎట్లా? "నీకు వెదకడం వచ్చునా?" అని అడిగితే రాదనే విద్యార్థి వుండడు. పని ఇచ్చి చూడవలె.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అట్లాగే చూశారు. 10 మంది చరిత్రకారులకు, పత్రికలలో నిజానిజాలు సరిచూసే 10 మందికి, 25 మంది విద్యార్థులకు ఇంటర్నెట్టు పుటలు చూపి, వీటిని నమ్మవచ్చునా అని అడిగారు. ఆ ఫలితాలు 2017లో వెలువడినవి. చరిత్రకారులు, విద్యార్థులు తరచు ఆ పుటలోనే వుండిపోయి, దాని దర్జా చూసి మోసపోయారు. సరిచూసేవారు మాత్రం వెంటనే దానిని వదలి, దాని వెనుక ఎవరున్నారో ఇతర చోట్ల విచారించి, త్వరగా తేల్చారు.

మా ఆఫీసులో జరిగేదీ ఇదే గదా! కాగితం రాగానే సంతకం ఎవరిది, తేదీ ఏది, అసలా నకలా అని చూడనిదే ఫైలు కదలదు.

ఇంట్లో మీరూ పరీక్షించవచ్చు. రాయగడ ఏ జిల్లాలోనిదని పిల్లలను అడగండి. 1936కు ముందరి పుస్తకం విశాఖపట్నం జిల్లా అంటుంది. తరువాతిది కొరాపుట్ అంటుంది. 1992 నుండి రాయగడే ఒక జిల్లా. ఏ కాలానికి ఆ మాట నిజమే. జవాబు చెప్పిన పిల్లవానికి సగం మార్కులే. "ఆ పుస్తకం ఎప్పటిది?" అని అడిగినవానికే పూర్తి మార్కులు.

మా అమ్మాయికి ఈ ప్రశ్నే వేశాను. కాసేపు ఆలోచించి, "ముందు తేదీ చెప్పు, చిన్నాన్నా" అన్నది. అప్పు ఇంకా తీరలేదు గాని, నా మనస్సు కొంత కుదుటపడింది.