గాలితో రంగు వేయు విద్య

చిన్నబొమ్మలలో పెద్దబొమ్మ యనిన వినుటకు వింతగా నుండును. ఇంగ్లండు, అమెరికా మొదలగు దేశములలో బల్లపై ఆడు యుద్ధక్రీడలకై తయారుచేయు బొమ్మలను మినియేచర్లందురు. వానిలో మనుష్యుని బొమ్మ ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. అనగా బొటనవ్రేలి కొనకణుపునకు మించదు. ఆ కొలతకు తగినట్లు ఒక డ్రాగనును చేసినచో అది రెక్కలు విప్పి జానెడు, ఒక్కొక్కప్పుడు మూరెడు స్థలము నాక్రమించును. ఇట్టి బొమ్మకు రంగు వేయుట యెట్లు? ఈ ప్రశ్నయే నేటి మా ప్రసంగమునకు విషయము.

ఈ వినోదము నిన్న మొన్నటిది కాదు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లోనే 'లిటిల్ వార్స్' అను పుస్తకమున, ఇంటినేలపై బొమ్మ సైనికులతో యుద్ధము సాగించుటకు నియమములను వ్రాసి ప్రకటించెను. 1974లో అమెరికాలో 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అను కల్పనాక్రీడ వెలువడినది. 1983లో ఇంగ్లండున 'వార్‌హామర్' వచ్చినది. సైనికుల స్థానమున మరుగుజ్జులు, రాక్షసులు, రెక్కల సర్పములు చేరినవి. మొదట సీసము కలిసిన లోహముతో పోతపోసిన బొమ్మలే హెచ్చు. నేడు ప్లాస్టిక్కు, రెజిన్ బొమ్మలు వాని స్థానమును చాలవరకు ఆక్రమించినవి. కొనువారు ముక్కలను అతికించి, రంగు తామే వేసికొనవలెను. ఆటకన్న ఈ రంగుపనియే ప్రీతికరముగా నెంచువారు అసంఖ్యాకులు.

మా మేనల్లుడు నాటింగ్‌హామున చదువు ముగించుకొని వచ్చుచు ఇట్టి డ్రాగనునొకదానిని ముక్కలుగా పెట్టెలో తెచ్చినాడు. వార్‌హామర్ క్రీడను నడపు గేమ్స్ వర్క్‌షాప్ సంస్థకు ఆ నగరమే ప్రధానస్థానము. అచ్చట ఈ వ్యసనము అంటుకొనుటలో వింత లేదు. మొదట మేము కుంచె చేతబట్టి ఒక రెక్కకు రంగు వేసితిమి. ఎముక వద్ద ముదురు ఎరుపు, అంచు వద్ద పసుపు, నడుమ ఒకటి మరొకదానిలోనికి కరగిపోవలెనని మా యాశ. తీరా చూడగా గోడకు సున్నము కొట్టినట్లు చారలు తేలినవి!

కారణము సులభము. తైలవర్ణములు గంటల తరబడి ఆరక యుండును. చిత్రకారుడు తీరికగా రెండు రంగులను కలుపుకొనవచ్చును. బొమ్మలకు వాడు ఆక్రిలిక్ రంగులు నీటితో పలుచన చేయునవి. కొలది నిమిషములలోనే ఆరిపోవును. గోరంత కవచముపై ఈ లోపము కనబడదు. అరచేయంత నున్నని రెక్కపై కుంచె జాడ ప్రతిదియు పట్టిచూపును. పెద్దబొమ్మకు గాలికుంచె, అనగా ఎయిర్‌బ్రష్, అవసరమగుట ఇందువలననే.

ఈ పనిముట్టు చరిత్ర 19వ శతాబ్దమునకు చెందినది. 1876లో అమెరికా దేశస్థుడు ఫ్రాన్సిస్ ఎడ్గార్ స్టాన్లీ రంగును తుంపరగా చల్లు సాధనమునకు పేటెంటు పొందెను. ఆవిరికారులతో ప్రసిద్ధి కెక్కిన స్టాన్లీ సోదరులలో నితడొకడు. 1879లో అయోవా రాష్ట్రమున అబ్నర్ పీలర్ మరియొక సాధనమును కల్పించెను. పిమ్మట ఛార్లెస్ బర్డిక్ గాలియు రంగును సాధనము లోపలనే కలియు పద్ధతిని పేటెంటు చేసెను. నేటి గాలికుంచెలు చాలవరకు ఆ వంశమునకు చెందినవే. మొదట ఇది ఛాయాచిత్రములకు మెరుగులు దిద్దుటకు, తరువాత ప్రకటనచిత్రములకు ఉపకరించెను.

ఇది పనిచేయు విధము గృహిణులకు తెలియనిది కాదు. పూర్వము దోమలమందు చల్లిన చేతిపంపును జ్ఞాపకము చేసికొనుడు. సన్నని గొట్టపు మూతిమీదుగా గాలి వేగముగా పోవునపుడు అచ్చట ఒత్తిడి తగ్గి, ద్రవము పైకి లాగబడి తుంపరలగును. గాలికుంచెలో ముక్కు రంధ్రము 0.2 నుండి 0.5 మిల్లీమీటర్ల వరకు నుండును. దానిలో మొన తేలిన సూది యొకటి అమరియుండును. మీటను క్రిందికి నొక్కిన గాలి వచ్చును. వెనుకకు లాగిన కొలది సూది జరిగి రంగు వచ్చును. రేడియోలో స్వరమును పెంచు మీటను మెల్లగా త్రిప్పుటకును, ఒక్కసారిగా త్రిప్పుటకును గల భేదము శ్రోతలకు చెప్పనక్కరలేదు. ఇచ్చటను అంతే, విద్యయంతయు వ్రేలికొనయందు కలదు.

గాలిని కంప్రెసరు అందించును. చదరపు అంగుళమునకు 15 నుండి 25 పౌనుల ఒత్తిడి ఈ పనికి చాలును. ఇది సామాన్యముగా కారుచక్రమున నుండు గాలికన్న తక్కువ. రంగు పాలవలె పలుచగా నుండవలెను. చిక్కనిదైన ముక్కున గడ్డకట్టును. మరీ పలుచనై, కుంచె మరీ దగ్గరైనచో బొమ్మపై పడిన రంగు గాలితాకిడికి సాలెపురుగు కాళ్ళవలె నలుదెసల ప్రాకును. ఈ రెండు ముచ్చటలును మేము తీర్చుకొంటిమి.

ఇక పని క్రమము. ముక్కలను సబ్బునీట కడిగి ఆరబెట్టవలెను. రెజిన్ బొమ్మలపై అచ్చునుండి వచ్చిన జిడ్డు మిగిలియుండిన రంగు నిలువదు. అతుకుల సందులను లప్పముతో పూడ్చి, గరుకు కాగితముతో నునుపు చేయవలెను. రెక్కలు దేహమునకు అడ్డువచ్చునేని వానిని విడిగా రంగువేసి పిమ్మట అతికించుట మేలు. తరువాత బొమ్మకంతటికి నల్లని ప్రైమరు పూత. అది ఆరిన పిమ్మట పైనుండి, సూర్యుడు నడినెత్తిన నున్నట్లు భావించి, తెలుపు చల్లవలెను. వీపు, తల, రెక్కల పైభాగములు వెలుగును. పొట్ట, చంకలు చీకటిలో నుండిపోవును.

నీడను రంగుతో వేయుటెందుకు, దీపపు వెలుగే నీడలను కల్పింపదా యని శ్రోతలు ప్రశ్నింపవచ్చును. బొమ్మపై ముడుతలు వెంట్రుకవాసి లోతుకు మించవు. గదిలోని వెలుతురు అన్నిదిక్కులనుండి వచ్చి వానిని నింపివేయును. కొండంత జంతువున నుండవలసిన గంభీరమైన నీడ జానెడు బొమ్మకు రాదు. ఆ లోటును చిత్రకారుడే పూరింపవలెను. నలుపు తెలుపుల ఈ పునాదిపై పలుచని రంగును పొరలు పొరలుగా చల్లినచో క్రింది వెలుగునీడలు దానిగుండ కనబడుచుండును. ఒక్కొక్క పొరలోను కంటికానని చుక్కలు వేలకొలదిగా పడును. పత్రికలోని ఛాయాచిత్రమున చుక్కలు కలిసి ముఖమైనట్లే, ఇచ్చట ఎరుపుచుక్కలును పసుపుచుక్కలును కలిసి సంధ్యారాగమగును. మేము కుంచెతో రెండు సాయంకాలములు పెనగులాడినను సాధ్యము గాని రెక్క, గాలికుంచెతో అరగంటలో తీరువడినది.

"యంత్రము చేసిన పనికి మెప్పేమి?" అని మా యింటిలోనే ఒకరు ఆక్షేపించిరి. ఈ యాక్షేపణ పాతదే. మాన్ రే అను చిత్రకారుడు 1918, 1919 ప్రాంతమున గాలికుంచెతో చిత్రములు రచించి వానికి 'ఏరోగ్రాఫులు' అని పేరిడెను. పటమును ముట్టక చిత్రము వేయుట అతనికి ఆనందము కలిగించినది. మైకు వచ్చినంత మాత్రమున అపస్వరము సుస్వరము కాదని మా వృత్తియందు నిత్యము చూచుచున్నాము. గాలికుంచెయు అట్టిదే. వెలుగెచ్చట పడవలెనో తెలియనివాని చేత అది రంగును వేగముగా వ్యర్థము చేయు సాధనము మాత్రమే. అదియుగాక దాని యధికారము కొంతవరకే. డ్రాగను కన్ను, కోర, గోరు, ఒక్కొక్క పొలుసు అంచు—ఇవి మరల చేతికుంచెకే చెల్లును. చూపరి దృష్టి మొట్టమొదట నిలుచునది కంటిపైననే కదా!

ఇక ముఖ్యమైన మాట. మొదటిరాత్రి మేము కిటికీలు మూసి, దీపము వేసికొని, రెండుగంటలు నీలిరంగు చల్లితిమి. మేనల్లుడు హెచ్చరించినాడు: "మామయ్యా, ముఖానికి మాస్కు పెట్టుకోండి." నీటిరంగే గదా యని నవ్వి త్రోసిపుచ్చితిమి. మరునాటి యుదయము ముక్కు చీదగా చేతిరుమాలున నీలము కనబడినది. ఆ గదిలోనే మా చిన్నపాప మాకు ప్రక్కగా కూర్చుండి బొమ్మను చూచుచుండెనని జ్ఞాపకము వచ్చి మా గుండె గుభేలుమన్నది. పాప రుమాలు తెల్లగానే యుండెను. ఆమె త్వరగా నిద్రకు పోయినది కాబోలు. కాని మా పరిహాసము ఆనాటితో అంతరించినది.

నీరు ఆవిరియై పోవును. రంగు పొడియు, దానిని పట్టియుంచు జిగురును గాలిలో నిలుచును. మిక్కిలి సన్నని కణములు ముక్కును దాటి ఊపిరితిత్తుల లోతునకు పోగలవు. ముఖమునకు చేతిగుడ్డ చుట్టుకొనుట చాలదు. నీటిరంగులకు సన్నని ధూళిని వడకట్టు మాస్కు కావలెను. ఘాటైన ద్రావకములతో కలుపు రంగులకు బొగ్గువడపోత గల మాస్కు తప్పనిసరి. కాడ్మియము గల రంగులను ఎన్నడును చల్లరాదు. రెజిన్‌ను అరగదీయునపుడు పుట్టు పొడియు హానికరమే. దానిని తడిపి అరగదీయవలెను, అప్పుడును మాస్కు విడువరాదు. తుంపరను గదిలో త్రిప్పక వెలుపలికి నెట్టు పంకా యుండుట ఉత్తమము.

పని ముగిసిన వెంటనే ముక్కునుండి తేటనీరు వచ్చువరకు కడిగి, సూదిని తీసి తుడిచి యుంచవలెను. ఆరిన రంగు ఒకసారి ముక్కున పట్టినచో మరునాటి సాయంకాలమంతయు దానిని వదలించుటకే చాలును. మా డ్రాగను ఇపుడు రేడియో ప్రక్కన కూర్చున్నది. ఎడమరెక్కపై మొదటినాటి చారలు కొన్ని మిగిలియున్నవి. వానిని కప్పివేయుదమని మేనల్లుడు రెండుసార్లు అడిగినను ఒప్పుకొనలేదు. పాప తనకును ఒక బొమ్మ కావలెనని పట్టుబట్టినది. ఆమెకు చేతికుంచె యిచ్చితిమి. గాలికుంచె మాత్రము ఆమె నిద్రించిన పిమ్మట, కిటికీ తెరచి, మాస్కు ధరించియే తీయుచున్నాము.