పులి తానే తీసికొన్న చిత్రము

అడవిలో పులిని చూచినవారు మనలో నెందరు? జంతుప్రదర్శనశాలలో కటకటముల వెనుక నిటు నటు తిరుగు పులిని చూచియుందుము. దసరా పులివేషముల మాట సరేసరి. తన యడవిలో, తన త్రోవను, తన పనిమీద పోవుచున్న పులిని కన్నులార చూచిన భాగ్యవతులు మాత్రము మిక్కిలి తక్కువ. అయినను అది కాలిబాటవెంట నెట్లు నడచునో, వేసవిలో మడుగునీట కూర్చుండి యెట్లు సేదదీరునో, పిల్లల నెట్లు వెంటబెట్టుకొని పోవునో మనకు తెలియును. ఈ తెలివి యంతయు ఛాయాచిత్రముల వలన వచ్చినది. నూరేండ్ల క్రిందట మన పెద్దల కిది లేదు. నాటి పులి చిత్రములు చాలవరకు నొక్క తీరుననే యుండెడివి: నేలపై చచ్చి పడియున్న పులి, ప్రక్కను తుపాకి పట్టుకొని నిలిచిన దొరయో జమీందారో, వెనుక వరుసలో పేరు లేని వేటపరివారము.

ఈ తీరును మార్చినవారిలో ముందుగా చెప్పదగినవాడు ఫ్రెడరిక్ వాల్టర్ చాంపియన్. ఆయన 1893లో జన్మించిన ఆంగ్లేయుడు. నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ రాష్ట్రముల ప్రాంతమున అటవీశాఖలో నుద్యోగము చేసెను. ఆ కాలపు అటవీశాఖ దొరకు వేట యనునది జీతముతోపాటు వచ్చు వేడుక. చాంపియనుకు ఆ వేడుక రుచింపలేదు. ఆయన తుపాకికి బదులు కెమేరా పట్టెను.

పులి పగటివేళ మనుష్యునకు కనబడుటయే యరుదు. రాత్రి తిరుగు జంతువును చీకటిలో చిత్రించుట యెట్లు? ఆయన పన్నిన యుపాయము వినదగినది. పులి కూడ మనవలెనే ముండ్లపొదలలో దూరి పోవుటకంటె నడచి నడచి చదునైన బాటనే కోరును. ఆ బాటను ముందుగా గుర్తెరిగి, దాని కడ్డముగ కంటికానని సన్నని తీగను కట్టి, ఆ తీగను కెమేరాకును, మెగ్నీషియము మండించు సాధనమునకును తగిలించెడివాడు. పులి కాలు తీగకు తగులగనే రెప్పపాటున వెలుగు తళుక్కుమనును. ఆ వెలుగున చిత్రము పడును. చిత్రము తీసినది మనుష్యుడు కాదు, పులియే!

చెప్పుటకిది సులభమే. వెలుగొకమారు వెలిగినచో ఆ రాత్రి కంతే. పులికి ముందు ఏ ముండ్లపందియో ఆ దారిని వచ్చినచో పడినపాటంతయు దాని పాలగును. తెల్లవారుజామున ముగ్గుపెట్టిన వాకిట కుక్క నడచిపోయిన బాధ మనమెరుగుదుము గదా! ఆ బాధను ఏండ్ల తరబడి యోర్చుకొన్నవాని కా చిత్రములు దక్కినవి. 1925లో లండనునందలి 'ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్' పత్రిక వానిని ప్రచురించెను. 1927లో 'విత్ ఎ కెమేరా ఇన్ టైగర్‌లాండ్' అను గ్రంథము వెలువడెను. ఆ చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన చాంపియనుకు మరియొక సంగతి తేటపడినది. ఒక పులి చారలవలె మరియొక పులి చారలుండవు. మన వ్రేలిముద్ర లెట్లో పులికి చారలట్లు. ఈ చిన్న సంగతి దాదాపు ఎనుబదియేండ్లకు దేశమునకెంతగా నక్కరకు వచ్చినదో ముందు చెప్పెదను.

కుమాయూన్ ప్రాంతమున నరభక్షక వ్యాఘ్రములను చంపి పేరొందిన జిమ్ కార్బెట్ కూడ కాలక్రమమున కెమేరావైపు తిరిగెను. తుపాకితో సంపాదించిన తోలు ఒక్కనికే సంతోషము, మంచి చిత్రము అడవిని ప్రేమించువారికందరకును సంతోషము అను భావమును ఆయన 1944లో వెలువడిన తన గ్రంథమున తెలిపియున్నాడు. 1936లో ఆ ప్రాంతమున వెలసిన హెయిలీ జాతీయవనము మన దేశమున మొదటిది. ఇప్పుడది కార్బెట్ పేరనే యున్నది.

చిత్రములతోనే వేట యాగిపోయెనని చెప్పుట మాత్రము సత్యము కాదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప కూడ పులులు కూలుచునే యుండెను. 1970లో పులివేట నిషేధింపబడెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1973లో పులుల సంరక్షణకై 'ప్రాజెక్ట్ టైగర్' ఆరంభమయ్యెను. చిత్రము మనస్సును కదల్చును గాని చట్టము చేయవలసినవారు చట్టము చేయవలసినదే.

తరువాత వచ్చిన చిక్కు వేరు. ఉన్న పులులెన్ని? చిరకాలము అడుగుజాడలను బట్టి లెక్కించెడివారు. మట్టిలోని జాడను చూచి యిది ఫలానా పులిదని నిర్ణయించుట చూచువాని యూహపై నాధారపడును. ఒక్క పులియే రెండై, మూడై లెక్కకెక్కవచ్చును. ఆ లెక్కన దేశమున 3,600 పులులకు పైగా నున్నవని మన మూరడిల్లియుండగా, రాజస్థానములోని సరిస్కా యభయారణ్యమున 2005 నాటికి పులి యొక్కటియు లేదని తేలెను. కాగితముపై మాత్రము పులులు బ్రదికియుండెను! ఇంటి బియ్యపుకుండను తెరచి చూడక, లెక్కపుస్తకము చూచి నిశ్చింతగా నుండుట వంటిదిది.

అప్పుడు చాంపియన్ తీగకు మరల పని కలిగినది. ఇప్పుడు తీగ లేదు; వేడిమిగల దేహము ముందునుండి కదలగనే తనంత తాను చిత్రము తీయు కెమేరా ట్రాప్ ఉన్నది. పులికి ఎడమప్రక్క చారలు వేరు, కుడిప్రక్క చారలు వేరు గనుక బాట కిరువైపుల రెండు కెమేరాల నమర్చుదురు. 2006లో క్రొత్త పద్ధతిని జరిగిన గణన ప్రకారము పులులు సుమారు 1,411 మాత్రమే. విన్నవారు నివ్వెరపోయిరి. కాని చేదైనను నిజము తెలిసినందుననే కాపుదల బిగిసినదని నా నమ్మకము. 2018 గణనకై 26,838 చోట్ల కెమేరాలుంచగా 3 కోట్ల 48 లక్షలకు పైగా చిత్రములు వచ్చినవి. అందు పులులవి 76,651. వాని చారలను పోల్చి 2,461 వేరువేరు పులులను గుర్తించిరి. మిగిలిన కోట్ల చిత్రములలో చిరుతలు, దుప్పులు మాత్రమే కాదు, పశువులును, మనుష్యులును కలరు. 2022 గణనలో పులులు కనీసము 3,167 అని తేలెను.

మన నల్లమలలోను ఈ పని జరుగుచున్నది. కృష్ణకు ఆంధ్రప్రదేశ్ వైపు నాగార్జునసాగర్–శ్రీశైలము, తెలంగాణ వైపు ఆమ్రాబాద్ పులుల యభయారణ్యములు గలవు. అచ్చట అడవిని కాచువారిలో చెంచులు పెక్కుమంది యున్నారు. పులి యే త్రోవను పోవునో వారికంటె నెరిగినవా రెవరు? కెమేరా యెంత గొప్పదైనను, దానిని కట్టవలసిన చెట్టును చూపువాడు కావలెను.

కెమేరా పట్టిన ప్రతివాడును అడవికి మేలు చేయుననుకొనరాదు. పక్షిగూడు బాగుగ కనబడుటకై చుట్టునున్న కొమ్మలను విరిచి, పిల్లలను ఎండపాలు చేయువారు కలరు. ఒక్క పులిచుట్టు పది జీపులు మూగి, దాని త్రోవ కడ్డుపడు వేడుకయు నున్నది. పూర్వపు వేటకాని పొగరు వీరిలో పూర్తిగ పోలేదు. చాంపియన్ పద్ధతిలో నాకు నచ్చినది పులి తన దారిని తాను పోవుటయే.

సోదరీమణులారా, ఈ చిత్రములకు మన యింటితో నొక సంబంధము కలదు. కెమేరాలు తీసిన పులుల చిత్రములనన్నిటిని దేశమునకంతకు ఒక్కచోట భద్రపరచుచున్నారు. దొంగవేటగాండ్ర యొద్ద పులితోలు పట్టుబడినపుడు, దాని చారలను ఆ చిత్రములతో పోల్చి, అది యే యడవి పులియో తెలిసికొనుట సాధ్యమగుచున్నది. పులితోలుపై కూర్చుండి జపము చేయు నాచారము మన యిండ్లలో దాదాపు పోయినది. కాని దృష్టి తగులకుండ పసిబిడ్డ మెడలో బంగారము కట్టించిన పులిగోరు వేయవలెనను కోరిక ఇంకను పోలేదు. అధికారుల ధ్రువపత్రము లేక నిజమైన పులిగోరు నుంచుకొనుట 1972 చట్టము ప్రకారము నేరము. కొనుటయు, అమ్ముటయు నంతే. తోలు పట్టుబడిన పులి యే యడవిదో చిత్రము చెప్పగలదు. గోరునకు చారలుండవు, అది యే పులిదో ఏ చిత్రమును చెప్పజాలదు.