గోడల మీద దస్తావేజులు

తిరుమల ఆలయ ప్రాకారాల మీద చెక్కిన అక్షరాలకు దణ్ణం పెట్టుకుని జనం ముందుకు సాగిపోతారు. క్యూలో నిలబడి చదివే వీలెక్కడ? చదివితే మాత్రం ఆశ్చర్యపోతాం. అందులో స్తోత్రాల కంటే ఒప్పందాలే ఎక్కువ. ఎవరు ఎంత సొమ్ము కట్టారు, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలి, ప్రసాదంలో ఎవరి వాటా ఎంత... అన్నీ లెక్క తప్పకుండా ఉంటాయి. ఈ రాతి దస్తావేజులను మనకు చదివిపెట్టిన మనిషి సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి.

1889లో పుట్టిన శాస్త్రి, దేవస్థానం ఇంకా హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉన్న రోజుల్లోనే శాసనాల పనిలోకి వచ్చారు. కొండ మీద, కింద తిరుపతిలో, తిరుచానూరులో కలిపి వెయ్యికి పైగా శాసనాలు. ఎక్కువ భాగం తమిళం, మధ్యలో గ్రంథ లిపి, అక్కడక్కడ తెలుగు, కన్నడం. తడి కాగితాన్ని రాతికి అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి తీసిన నకలును అక్షరం అక్షరం విప్పుకోవడం ఎంత ఓపిక పనో చేసినవాళ్లకే తెలుసు. 1930లో ఆయన నివేదిక, మరుసటి ఏడాది తొలినాటి శాసనాల సంపుటం అచ్చయ్యాయి. మొత్తం ఆరు సంపుటాలు వచ్చాయి. మిగతావాటిలో మరో శాసన పరిశోధకుడు విజయరాఘవాచార్యుల కృషి ఉంది.

ఒక ఒప్పందం ఎలా ఉండేదో చూడండి. దాత ఆలయ ఖజానా అయిన శ్రీభండారంలో సొమ్ము జమ చేస్తాడు. ఆలయ నిర్వాహకులైన స్థానత్తార్లు ఆ సొమ్ముతో దేవుడి గ్రామాల్లో చెరువులు, కాలవలు తవ్విస్తారు. పెరిగిన పంటతో దాత కోరిన రోజున నైవేద్యం జరుగుతుంది. నివేదించిన ప్రసాదంలో నాలుగో వంతు దాతది. దాన్ని ‘విట్టవన్ విళుక్కాడు’ అన్నారు. దాత తదనంతరం అది సంతానానికి దక్కుతుంది. సూర్యచంద్రులు ఉన్నంత కాలం ఇది చెల్లుతుందని రాసి, చివర ఆలయ కరణం తిరునిన్రవూరుడయాన్ సంతకం. రాజోద్యోగి ఇచ్చినా, వర్తకుడు ఇచ్చినా, దేవదాసి ఇచ్చినా రాత తీరు ఇంచుమించు ఇదే. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే: దేవుడి సొమ్ము ఊరికే మూలగలేదు, చెరువై పొలాలకు పారింది.

పల్లవ రాణి సామవై సంగతీ అంతే. వెండి భోగ శ్రీనివాసమూర్తిని సమర్పించి ఊరుకోలేదు. ఊరి సభవారి దగ్గర భూమి కొని, పన్ను లేకుండా చేయించి మరీ ఇచ్చింది. 13వ శతాబ్దంలో గుడి తిరిగి కట్టినప్పుడు పాత శాసనాలను కొత్త గోడల మీద మళ్లీ చెక్కించారు. హక్కు పత్రం పోతే ధ్రువీకరించిన నకలు తీసుకోవడమన్నమాట.

క్రీటు దీవిలో గోర్టిన్ పట్టణ చట్టాన్ని గోడ మీద చెక్కారని ప్రపంచం గొప్పగా చెప్పుకుంటుంది, న్యాయమే. మనకు చట్టం పుస్తకంలోనూ ఉంది: యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య అయిన మితాక్షరను కేతన కవి 13వ శతాబ్దంలోనే ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు చేసిపెట్టాడు. స్మృతి ఎలా జరగాలో చెబుతుంది. నిజంగా ఎలా జరిగిందో తెలియాలంటే శాస్త్రి సంపుటాలు తెరవాల్సిందే.

శాస్త్రి 1981 వరకు జీవించారు. అన్నమయ్య కీర్తనలున్న తాళ్లపాక రాగిరేకులను వెలుగులోకి తెచ్చిన వ్యక్తిగానే ఆయన్ను ఎక్కువగా తలచుకుంటున్నాం. అది చిన్న మేలేమీ కాదు. కానీ అన్నమయ్య కుమారుడు పెద తిరుమలాచార్యులు స్వామికి ఏయే కైంకర్యాలు ఏర్పాటు చేశాడో, ఏ షరతులతో చేశాడో చెప్పేవి కూడా ఈ శాసనాలే.